కుష్టు వ్యాధిలో చేతి పునర్నిర్మాణ చికిత్స

కుష్టు వ్యాధిలో చేతి పునర్నిర్మాణ చికిత్స అనగా, కుష్టు వ్యాధి వలన నరాలు దెబ్బతిని వంకర తిరిగిన వేళ్ళను, చచ్చుబడిన బొటనవేలిని మళ్ళీ పనికి వచ్చేలా చేసే శస్త్రచికిత్స, దానికి ముందూ వెనుకా జరిగే భౌతిక చికిత్స. చేతిలో ఆరోగ్యంగా మిగిలిన ఒక కండరపు స్నాయుబంధనాన్ని, అంటే కండరాన్ని ఎముకకు కలిపే పట్టీని, చచ్చుబడిన కండరం చేయవలసిన పనికి మళ్ళించడం ఇందులోని మూలసూత్రం. మళ్ళించే పనిని శస్త్రవైద్యుడు ఒక్క రోజులో ముగిస్తాడు. మళ్ళించిన కండరం కొత్త పనిని నేర్చుకోవడానికి మాత్రం వారాలు పడుతుంది. ఆ పనిని నేర్పే బాధ్యత ఫిజియోథెరపిస్టుది.

ఈ చికిత్స 1940ల చివరి సంవత్సరాలలో, నాటి మద్రాసు రాష్ట్రంలోని వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ పాల్ బ్రాండ్ నాయకత్వంలో రూపుదిద్దుకుంది. రోగి కోలుకోవడంలో శస్త్రవైద్యుడు, ఫిజియోథెరపిస్టు ఒకరిపై ఒకరు ఎంతగా ఆధారపడి ఉంటారో తెలుసుకోవడానికి ఇది చక్కని ఉదాహరణ.

నేపథ్యం

కుష్టు వ్యాధి మైకోబాక్టీరియం లెప్రే అనే బాక్టీరియా వలన కలుగుతుంది. ఈ బాక్టీరియాను 1873లో నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ గుర్తించాడు. ఈ వ్యాధి ముఖ్యంగా చర్మానికి, శరీరపు పై భాగాలకు దగ్గరగా ఉండే నరాలకు సోకుతుంది. కుష్టు వ్యాధి వేళ్ళను తినివేస్తుందని, అందువలన వేళ్ళు రాలిపోతాయని ప్రజలలో ఒక నమ్మకం ఉంది. ఇది నిజం కాదు. నరాలు దెబ్బతినడం వలన చేతికి స్పర్శ పోతుంది. స్పర్శ లేని చేతికి దెబ్బలు తగిలినా, కాలినా రోగికి తెలియదు. అటువంటి గాయాలకు చీము పట్టి, క్రమంగా ఎముక కరిగి వేళ్ళు కురచబడతాయి.

చేతి విషయంలో ఎక్కువగా దెబ్బతినేది మోచేతి వెనుక, లోపలి పక్కగా సాగే అల్నార్ నరం. తరువాతిది మణికట్టు వద్ద అరచేతిలోకి ప్రవేశించే మీడియన్ నరం. మణికట్టును పైకి లేపే రేడియల్ నరం దెబ్బతినడం అరుదు.

అరచేతిలోని చిన్న కండరాలలో ఎక్కువ భాగాన్ని అల్నార్ నరం నడిపిస్తుంది. అరచేతిని వేలితో కలిపే మొదటి కీలును వంచడం, అదే సమయంలో వేలి నడిమి కీలును, చివరి కీలును చాపి ఉంచడం ఈ చిన్న కండరాల పని. అవి చచ్చుబడినప్పుడు మొదటి కీలు వెనుకకు విరుచుకుంటుంది, మిగిలిన రెండు కీళ్ళు ముడుచుకుంటాయి. చేయి పక్షి పంజా ఆకారాన్ని పొందుతుంది. అల్నార్ నరం ఒక్కటే దెబ్బతింటే ముఖ్యంగా చిటికెన వేలు, ఉంగరపు వేలు వంకరపోతాయి. మీడియన్ నరం కూడా దెబ్బతింటే నాలుగు వేళ్ళూ వంకరపోవడమే కాక, బొటనవేలు మిగిలిన వేళ్ళకు ఎదురుగా రాలేదు.

ఇటువంటి చేతితో గ్లాసు పట్టుకోవడానికి ప్రయత్నిస్తే వేళ్ళు దాని చుట్టూ తెరుచుకోక ముందే కొసలు లోపలికి ముడుచుకుపోతాయి. అన్నం ముద్ద చేయడం, గుండీ పెట్టుకోవడం, నాణెం తీయడం, నాట్లు వేయడం వంటి పనులు కష్టమవుతాయి. పట్టుకున్న వస్తువు బరువంతా అరచేతిపై పడక వేలి కొసలపైనే పడటం వలన, స్పర్శ లేని ఆ కొసలు త్వరగా పుండ్లు పడతాయి. కనుక వంకరను సరిచేయడం కేవలం అందానికి సంబంధించిన విషయం కాదు. అది రోగి జీవనోపాధికి, మిగిలిన వేళ్ళ రక్షణకు సంబంధించినది.

చరిత్ర

పాల్ బ్రాండ్ 1914లో తమిళనాడులోని కొల్లి కొండలలో, ఆంగ్ల మిషనరీ దంపతులకు జన్మించాడు. ఇంగ్లండులో వైద్యం చదివి 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో శస్త్రవైద్యుడిగా చేరాడు. 1947లో చర్మవ్యాధి నిపుణుడు రాబర్ట్ కాక్రేన్ ఆహ్వానంపై చెంగల్పట్టులోని కుష్టు ఆసుపత్రిని సందర్శించాడు. అక్కడ వేళ్ళు వంకరపోయిన ఒక రోగితో కరచాలనం చేసినప్పుడు ఆ పట్టు నొప్పి పుట్టించేంత బలంగా ఉండటం ఆయనను ఆశ్చర్యపరచింది. చేయి మొత్తం చచ్చుబడలేదని, కొన్ని కండరాలు పూర్తి బలంతో మిగిలి ఉన్నాయని దీని వలన తెలిసింది.

ఆ తరువాత బ్రాండ్, ఆయన సహచరులు పెద్ద సంఖ్యలో రోగుల చేతులను పరీక్షించి ఏ కండరం పనిచేస్తున్నది, ఏది పనిచేయనిది నమోదు చేశారు. పక్షవాతం ఇష్టం వచ్చినట్లు కాక ఒక నిర్దిష్టమైన క్రమంలో వస్తుందని ఈ పరిశీలనలలో తేలింది. ముంజేతి పై భాగంలోని కండరాలు చాలావరకు చెక్కుచెదరకుండా ఉంటాయి. అవే స్నాయుబంధన మార్పిడికి అవసరమైన కండరాలు.

కుష్టు రోగి మాంసం చెడ్డదని, కోస్తే మానదని ఆనాటి వైద్యులలోనూ ఒక అపోహ ఉండేది. రోగులను సాధారణ ఆసుపత్రులలో చేర్చుకునేవారు కాదు. 1940ల చివర బ్రాండ్ మొదలుపెట్టిన శస్త్రచికిత్సలలో గాయాలు ఇతరులకు మానినట్లే వీరికీ మానాయి. అయితే మొదటి నుండి ఎదురైన సమస్య మరొకటి ఉంది. దీర్ఘకాలం ముడుచుకుని ఉన్న వేళ్ళ కీళ్ళు బిగుసుకుపోయి ఉండేవి. అటువంటి చేతికి స్నాయుబంధనాన్ని ఎంత నేర్పుగా అమర్చినా వేలు కదలదు. వేలిని ముందుగా సాగదీసి మెత్తబరచేవారు, తరువాత వ్యాయామం నేర్పేవారు లేకుండా శస్త్రచికిత్స ఫలించదని స్పష్టమైంది. ఇంగ్లండుకు చెందిన ఫిజియోథెరపిస్టు రూత్ థామస్ వేలూరులో చేరి ఈ లోటును పూరించింది. స్థానిక యువకులకు, వ్యాధి నయమైన కొందరికి కూడా ఈ పనిలో శిక్షణ లభించింది.

చేతులు బాగుపడిన రోగులలో కొందరు తమకు ఇప్పుడు భిక్ష దొరకడం లేదని, వేరే పనీ రాదని బ్రాండ్‌తో మొరపెట్టుకున్నారు. చేతిని బాగుచేస్తే చాలదు, ఆ చేతికి పని కూడా చూపాలనే ఆలోచన దీని నుండి పుట్టింది. 1950 ప్రాంతంలో వైద్య కళాశాల ఆవరణలో నవజీవ నిలయం అనే చిన్న పల్లె వంటి కేంద్రం వెలిసింది. అక్కడ రోగులు వడ్రంగం వంటి చేతిపనులు నేర్చుకునేవారు. ఏ పనిముట్టు వలన ఏ వేలికి గాయమవుతున్నదో గమనించడానికి కూడా ఆ కార్యశాల ఉపయోగపడింది.

1952లో బ్రాండ్ లండనులోని రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్‌లో హంటేరియన్ ప్రొఫెసర్‌గా ఈ చికిత్సను వివరించాడు. 1955లో వేలూరు సమీపంలోని కరిగిరిలో కుష్టు పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడింది. అక్కడ శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ ఫ్రిట్షి ఈ పద్ధతులను అభివృద్ధి చేసి గ్రంథస్థం చేశాడు. బ్రాండ్ 1966లో అమెరికాలోని లూసియానా రాష్ట్రానికి చెందిన కార్విల్ కుష్టు ఆసుపత్రికి వెళ్ళి, అక్కడ పునరావాస విభాగానికి అధిపతిగా పనిచేశాడు. 2003లో మరణించాడు.

మేరీ వర్ఘీస్

వేలూరులో ఈ రెండు వృత్తుల కలయికకు డాక్టర్ మేరీ వర్ఘీస్ జీవితం నిదర్శనం. 1954లో జరిగిన వాహన ప్రమాదంలో ఆమె వెన్నుపాము దెబ్బతిని నడుము కింది భాగం చచ్చుబడింది. కోలుకున్న తరువాత ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కుష్టు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసింది. చేతి శస్త్రచికిత్సను కూర్చుని చేసే వీలు ఉండటం ఇందుకు తోడ్పడింది. అనంతరం న్యూయార్కులో హోవర్డ్ రస్క్ వద్ద పునరావాస వైద్యంలో శిక్షణ పొంది వేలూరుకు తిరిగి వచ్చింది. ఆమె కృషితో 1966లో అక్కడ రోగులు ఉండి చికిత్స పొందే పునరావాస కేంద్రం ప్రారంభమైంది. 1972లో భారత ప్రభుత్వం ఆమెను పద్మశ్రీతో సత్కరించింది.

శస్త్రచికిత్సకు అర్హత

పక్షవాతం వచ్చిన ప్రతి చేతికీ వెంటనే శస్త్రచికిత్స చేయరు. నరం దెబ్బతిని ఆరు నెలలు దాటకపోతే ప్రెడ్నిసొలోన్ వంటి మందులతో కండరం తిరిగి బలం పుంజుకునే అవకాశం ఉంటుంది. శస్త్రచికిత్సకు ముందు సాధారణంగా ఈ క్రింది విషయాలను చూస్తారు.

* రోగి బహుళ ఔషధ చికిత్సను పూర్తిచేసి ఉండాలి, లేదా కనీసం ఆరు నెలలు తీసుకుని ఉండాలి.
* గడచిన ఆరు నెలలలో నరాల వాపు, వ్యాధి ప్రతిచర్యలు ఉండరాదు.
* పక్షవాతం స్థిరపడి ఉండాలి. అది తిరిగి తగ్గే అవకాశం లేదని తేలాలి.
* చేతిపై పుండ్లు, చీము ఉండరాదు.
* వేళ్ళ కీళ్ళు మెత్తగా, కదలికకు అనుకూలంగా ఉండాలి.
* తరువాతి వ్యాయామాలకు అవసరమైన సమయాన్ని కేటాయించడానికి రోగి సిద్ధంగా ఉండాలి.

వీటిలో మొదటి రెండింటిని వైద్యుడు నిర్ణయిస్తాడు. చివరి రెండింటి గురించి ఫిజియోథెరపిస్టు అభిప్రాయమే ప్రధానం. కీళ్ళు సిద్ధంగా లేవని ఫిజియోథెరపిస్టు చెబితే శస్త్రచికిత్సను వాయిదా వేయడం ఆనవాయితీ.

శస్త్రచికిత్సకు ముందు భౌతిక చికిత్స

మొదటి పని కొలతలు. కోణమానినితో ప్రతి వేలి నడిమి కీలు వద్ద మూడు కోణాలను కొలుస్తారు.

* రోగి తనంతట తాను వేలిని చాపినప్పుడు మిగిలిన వంపు.
* ఫిజియోథెరపిస్టు వేలి మొదటి కీలును వంచి పట్టుకోగా, రోగి వేలిని చాపినప్పుడు మిగిలిన వంపు.
* ఫిజియోథెరపిస్టు స్వయంగా వేలిని సాగదీసినప్పటికీ మిగిలిన వంపు.

మొదటి రెండు కోణాల మధ్య తేడా ఎక్కువగా ఉంటే శస్త్రచికిత్స వలన మంచి ఫలితాన్ని ఆశించవచ్చు. ఎందుకంటే ఫిజియోథెరపిస్టు చేయి తాత్కాలికంగా చేసిన పనినే మళ్ళించిన స్నాయుబంధనం శాశ్వతంగా చేస్తుంది. మూడవ కోణం ఎక్కువగా ఉంటే కీలు బిగుసుకుపోయిందని అర్థం. అప్పుడు ముందుగా దానిని సరిచేయాలి.

బిగుసుకున్న వేళ్ళకు నీటిలో నానబెట్టి నూనె రాయడం, కరిగిన మైనంలో ముంచడం, నెమ్మదిగా సాగదీయడం, స్ప్లింటు కట్టడం చేస్తారు. మరీ బిగిసిన వేలికి గొట్టం ఆకారంలో ప్లాస్టర్ కట్టు వేసి, కొన్ని రోజులకొకసారి మరికొంచెం చాపి కొత్త కట్టు వేస్తారు. స్పర్శ లేని చేతికి మైనపు వేడి తెలియదు కనుక ఆ వేడిని సిబ్బందే ముందుగా పరీక్షించాలి. గట్టిగా లాగితే చర్మం చిట్లినా రోగి చెప్పలేడు. కాబట్టి ఇతర రోగులలో నొప్పి చేసే హెచ్చరికను ఇక్కడ ఫిజియోథెరపిస్టు కన్ను చేయాలి.

రెండవ పని, మళ్ళించబోయే కండరాన్ని రోగికి పరిచయం చేయడం. ఆ కండరాన్ని ఒక్కదానినే విడిగా ఎలా కదిలించాలో శస్త్రచికిత్సకు ముందే నేర్పుతారు. కండరాల బలాన్ని 0 నుండి 5 వరకు అంకెలతో సూచిస్తారు. మళ్ళించిన కండరం సాధారణంగా ఒక మెట్టు బలాన్ని కోల్పోతుంది. అందువలన అది ముందుగానే పూర్తి బలంతో ఉండాలి.

శస్త్రచికిత్సా పద్ధతులు

వేళ్ళ వంకరను సరిచేయడానికి అనేక పద్ధతులు ఉన్నాయి. వేలిని వంచే రెండు స్నాయుబంధనాలలో పైదానిని తీసి వేలి పక్క భాగానికి మళ్ళించడం ఒక పద్ధతి. ఇది అమెరికా శస్త్రవైద్యుడు స్టెర్లింగ్ బన్నెల్ పేరుతో ప్రసిద్ధి చెందింది. మణికట్టును పైకి లేపే కండరాలలో ఒకదానిని తీసుకుని, కాలి నుండి సేకరించిన సన్నని స్నాయుబంధనాన్ని దానికి అతికి, నాలుగు పాయలుగా చీల్చి నాలుగు వేళ్ళకు కలపడం బ్రాండ్ ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతి. బొటనవేలి కోసం సాధారణంగా ఉంగరపు వేలిని వంచే పై స్నాయుబంధనాన్ని మళ్ళిస్తారు.

పద్ధతి ఎంపికలోనూ ఫిజియోథెరపిస్టు నివేదిక ఉపయోగపడుతుంది. ఉదాహరణకు, కొందరి వేళ్ళు సహజంగానే వెనుకకు ఎక్కువగా వంగుతాయి. అటువంటి వేలి నుండి పై స్నాయుబంధనాన్ని తీసివేస్తే, కొంతకాలానికి నడిమి కీలు వెనుకకు విరిగి వేలు హంస మెడ ఆకారాన్ని పొందే ప్రమాదం ఉంది. అప్పుడు ఒక వంకర పోయి దానికి వ్యతిరేకమైన వంకర వస్తుంది. ఈ విషయం ముందే తెలిస్తే శస్త్రవైద్యుడు మరొక కండరాన్ని ఎంచుకుంటాడు.

స్నాయుబంధనాన్ని ఎంత బిగువుగా కుట్టాలనేది శస్త్రవైద్యుని నైపుణ్యంపై ఆధారపడి ఉంటుంది. వదులైతే వంకర పోదు, బిగువైతే పిడికిలి ముడుచుకోదు.

శస్త్రచికిత్స తరువాత

శస్త్రచికిత్స ముగియగానే వేళ్ళ మొదటి కీళ్ళు వంగి, మిగిలిన కీళ్ళు చాపి ఉండేలా ప్లాస్టర్ కట్టు వేస్తారు. సంప్రదాయ పద్ధతిలో దీనిని మూడు నుండి నాలుగు వారాలు ఉంచుతారు. ముందే తీస్తే కుట్టు ఊడవచ్చు. ఆలస్యంగా తీస్తే స్నాయుబంధనం చుట్టుపక్కల కణజాలానికి అతుక్కుని కదలదు.

కట్టు విప్పిన రోజు నుండి పునశ్శిక్షణ మొదలవుతుంది. రోగిని కొత్త కదలికను చేయమని కాక, ఆ కండరం పాత పనిని చేయమని చెప్పడం దీనిలోని కీలకం. బొటనవేలిని ఎదురుగా తీసుకురమ్మంటే రోగికి చేతకాదు. ఉంగరపు వేలిని వంచమంటే బొటనవేలు కదులుతుంది. మణికట్టు కండరాన్ని మళ్ళించినప్పుడు మణికట్టును పైకి లేపమంటే వేళ్ళు మొదటి కీలు వద్ద వంగుతాయి. రోగి తన చేతిని కళ్ళతో చూస్తూ ఈ అభ్యాసాన్ని అనేకసార్లు చేయగా, కొంతకాలానికి పాత పని ఊసు లేకుండానే కొత్త కదలిక వస్తుంది.

మొదటి వారంలో వేళ్ళను నిటారుగా ఉంచి మొదటి కీలును మాత్రమే వంచే వ్యాయామం చేయిస్తారు. వ్యాయామం లేని సమయంలో, నిద్రలో స్ప్లింటు ఉంటుంది. తరువాతి వారాలలో క్రమంగా పిడికిలి మూయడం, తేలికైన వస్తువులను పట్టుకోవడం, అన్నం తినడం, రాయడం వంటివి అభ్యసిస్తారు. బరువు పనులను మరికొన్ని వారాలు ఆగిన తరువాతే అనుమతిస్తారు. ఈ దశలో వేళ్ళను బలవంతంగా వెనుకకు సాగదీయడం నిషిద్ధం. శస్త్రచికిత్సకు ముందు మేలు చేసిన పనే ఇప్పుడు కుట్టును వదులు చేస్తుంది.

ఒడిశాకు చెందిన శస్త్రవైద్యుడు సంతోష్ రథ్, శస్త్రచికిత్స అయిన వెంటనే కదలికలు ప్రారంభించే పద్ధతిని సంప్రదాయ పద్ధతితో పోల్చి 2008, 2009 సంవత్సరాలలో ఫలితాలను ప్రచురించాడు. వంకర సరికావడంలో రెండు పద్ధతులూ సమానంగా ఉండగా, త్వరగా కదిలించిన రోగులు త్వరగా తమ పనులు చేసుకోగలిగారు. అయితే అనుభవజ్ఞుడైన ఫిజియోథెరపిస్టు రోజూ దగ్గర ఉండి చూడగల చోట మాత్రమే ఈ పద్ధతి క్షేమకరం.

ఇద్దరి మధ్య సమాచారం

ఈ చికిత్సలో వైఫల్యానికి ఒక ముఖ్య కారణం సమాచార లోపం. ఏ కండరాన్ని మళ్ళించారో, ఏ మార్గంలో తీసుకువెళ్ళారో, కుట్టు ఎంత బిగువుగా ఉందో తెలియకపోతే ఫిజియోథెరపిస్టు తప్పు కండరానికి వ్యాయామం చెప్పే ప్రమాదం ఉంది. అలాగే కట్టు విప్పిన తరువాత వేలు వేడెక్కడం, వాపు రావడం, హఠాత్తుగా కదలిక తగ్గడం గమనించిన ఫిజియోథెరపిస్టు వెంటనే శస్త్రవైద్యునికి తెలియజేయాలి. నొప్పి తెలియని రోగి తనంతట తాను వచ్చి చెప్పడు. ఈ కారణంగా కొన్ని ఆసుపత్రులలో శస్త్రవైద్యుడు, ఫిజియోథెరపిస్టు రోగిని కలిసి పరీక్షించి, ఒకే పత్రంలో కొలతలు నమోదు చేస్తారు.

స్పర్శ లేని చేయి

శస్త్రచికిత్స కదలికను తిరిగి ఇస్తుంది కానీ స్పర్శను ఇవ్వదు. బాగుపడిన చేతితో రోగి ఎక్కువ పనులు చేస్తాడు. కనుక గాయాల ప్రమాదం తగ్గకపోగా కొన్నిసార్లు పెరుగుతుంది. వేలూరులో కొందరు రోగులు ఉదయం లేచేసరికి వేళ్ళకు గాయాలు ఉండటం చూసి పరిశీలించగా, నిద్రలో ఎలుకలు కొరుకుతున్నాయని తెలిసింది. రోగులకు పిల్లులను ఇచ్చి ఈ సమస్యను నివారించారు. నొప్పి శత్రువు కాదు, శరీరానికి కాపలాదారు అనే భావనను బ్రాండ్ తన రచనలలో విస్తృతంగా చర్చించాడు.

అందువలన చేతి రక్షణ కూడా శిక్షణలో భాగం. వేడి గిన్నెను గుడ్డతో పట్టుకోవడం, పనిముట్ల పిడులకు మందమైన గుడ్డ చుట్టడం, బీడీ చివరి వరకు కాల్చకపోవడం, ప్రతి సాయంత్రం చేతులను కళ్ళతో పరీక్షించుకోవడం, నానబెట్టి నూనె రాయడం రోగి జీవితాంతం పాటించాలి.

పాదానికి వర్తింపు

ఇదే సూత్రం పాదానికీ వర్తిస్తుంది. మోకాలి పక్కన నరం దెబ్బతిన్నప్పుడు పాదం పైకి లేవక, నడిచేటప్పుడు వేళ్ళు నేలకు రాసుకుంటాయి. పాదాన్ని లోపలికి తిప్పే కండరపు స్నాయుబంధనాన్ని పాదం పైభాగానికి మళ్ళించి దీనిని సరిచేస్తారు. ఆ తరువాత పాదాన్ని లోపలికి తిప్పమని చెబుతూ పైకి లేపడం నేర్పుతారు.

భారతదేశంలో నేటి స్థితి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసిన తరువాత వ్యాధిగ్రస్తుల సంఖ్య బాగా తగ్గింది. 2005 చివరికి దేశం మొత్తం మీద పదివేల జనాభాకు ఒకటి కంటే తక్కువ కేసులు అనే లక్ష్యం నెరవేరింది. అయినప్పటికీ 2023లో భారతదేశంలో లక్షకు పైగా కొత్త కేసులు నమోదయ్యాయి. మందులు బాక్టీరియాను చంపుతాయి కానీ అప్పటికే వచ్చిన వైకల్యాన్ని తొలగించవు. జాతీయ కుష్టు నిర్మూలన కార్యక్రమంలో వైకల్య నివారణ, వైద్య పునరావాసం ఒక విభాగంగా ఉన్నాయి. శస్త్రచికిత్స చేయించుకున్న రోగులకు కోల్పోయిన కూలికి బదులుగా భృతి చెల్లించే ఏర్పాటు కూడా ఉంది.

తెలుగు ప్రాంతాలలో నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలోని విక్టోరియా ఆసుపత్రి, హైదరాబాదు కూకట్‌పల్లిలో 1958లో రాణి కుముదినీ దేవి స్థాపించిన శివానంద పునరావాస కేంద్రం, పార్వతీపురం మన్యం జిల్లా సాలూరులోని ఫిలడెల్ఫియా ఆసుపత్రి కుష్టు రోగుల సేవకు పేరుపొందినవి. చిత్తూరు జిల్లాకు పొరుగున ఉండటం వలన వేలూరు, కరిగిరి ఆసుపత్రులకు తెలుగు రోగులు వెళ్ళడం పరిపాటి.

పరిమితులు

చికిత్సకు రోగి కొన్ని వారాల నుండి కొన్ని నెలల వరకు పనికి దూరంగా ఉండవలసి రావడం ప్రధానమైన ఇబ్బంది. రోజు కూలిపై బ్రతికేవారు కట్టు విప్పిన వెంటనే ఇంటికి వెళ్ళిపోతే మళ్ళించిన కండరం కొత్త పనిని నేర్చుకోదు, క్రమంగా చేయి మళ్ళీ నిరుపయోగమవుతుంది. కుష్టు కేసులు తగ్గడంతో ఈ శస్త్రచికిత్సలో అనుభవం ఉన్న వైద్యులు, ఫిజియోథెరపిస్టులు కొద్ది కేంద్రాలకే పరిమితమయ్యారు. తొలిదశలోనే వ్యాధిని గుర్తించి నరాన్ని కాపాడుకోవడం అన్ని శస్త్రచికిత్సల కన్నా మేలు.

ఇవి కూడా చూడండి

* కుష్టు వ్యాధి
* భౌతిక చికిత్స
* పాల్ బ్రాండ్
* మేరీ వర్ఘీస్
* క్రైస్తవ వైద్య కళాశాల, వేలూరు